ఆక్సిజన్ 98 ఉన్నా అమ్మకు దమ్మెందుకు వస్తున్నది?

గోల్కొండ_బిడ్డ
మా అమ్మకు 48 ఏండ్లు. నాకు తెలివి వచ్చినకాన్నుంచి ఆషాఢంల బోనం నెత్తిన పెట్టుకొని గోల్కొండ మీద జగదాంబిక గుడి దాకా ఎక్కుతది. ఒక్క ఏడు కూడ ఆగలే. ఈసారి సగం మెట్లకాడనే కూలబడ్డది. దమ్ము, గుండె దడదడ, కండ్లు తిరుగుడు. బోనం మా చిన్నమ్మ ఎత్తుకొని పోయింది. దమ్ముకన్న దానికే అమ్మ ఎక్కువ ఏడ్చింది.

ఇంటికొచ్చినంక కరోనప్పుడు కొన్న వేలి మిషన్ పెట్టి చూసిన. ఆక్సిజన్ 98. నాడి మాత్రం కూసున్నకాడనే 104. తెల్లారి దగ్గర్ల ఉన్న క్లినిక్‌కు తీస్కపోయిన. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే తీసిండ్రు, రెండూ మంచిగనే వచ్చినయి. "వయసు, గ్యాస్" అని గోలీలు రాసి పంపిండ్రు. పది రోజులైంది, ఏం ఫరక్ లేదు. ఇప్పుడు మా ఇంటి రెండో అంతస్తు ఎక్కాలన్నా మధ్యల నిలబడుతున్నది.

ఊపిరితిత్తులు మంచిగున్నయి, గుండె మంచిగున్నది, ఆక్సిజన్ 98. మరి దమ్ము ఎక్కడికెళ్లి వస్తున్నది? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కేపీహెచ్‌బీ_కుర్రాడు
ఈసీజీ బాగుందంటే గుండె బాగున్నట్టు కాదు బ్రో. మా బాబాయ్‌కి ఈసీజీ మామూలుగానే వచ్చింది, వారం తిరక్కుండా స్టెంట్ పడింది. యాంజియో చేయించెయ్.

మల్కాజ్‌గిరి_అక్క
కరోనా వచ్చిపోయిందా అమ్మకి? మా పక్కింటావిడకి తగ్గిన తర్వాత కూడా చాలా నెలలు ఆయాసం ఉండేది. ఒకసారి సీటీ తీయించండి.

రాత్రిడ్యూటీ_సిస్టర్
యాంజియో, సీటీ అని పరుగులు పెట్టే ముందు ఒక్క మాట చెప్పండి. సీబీపీ, అంటే రక్తకణాల పరీక్ష, చేయించారా? హిమోగ్లోబిన్ ఎంత? అమ్మగారి కింది కనురెప్ప కొంచెం కిందకి లాగి చూడండి, లోపల ఎర్రగా ఉందా, పాలిపోయి ఉందా? ఛాతీలో నొప్పి గానీ, పడుకుంటే ఊపిరాడకపోవడం గానీ, స్పృహ తప్పడం గానీ ఉంటే మాత్రం ఇక్కడ మా జవాబుల కోసం ఆగకండి, ఆసుపత్రికి బయల్దేరండి.

గోల్కొండ_బిడ్డ
నొప్పి లేదు, పండుకుంటే మంచిగనే ఉంటది. రక్తపరీక్ష ఎవరూ రాయలే సిస్టర్. రెప్ప ఇప్పుడే చూసిన. తెల్లగ, ఉడికిన అన్నం లెక్క ఉన్నది. ఇంకోటి, అమ్మ పచ్చి బియ్యం తింటది. వంటింట్ల పోయినప్పుడల్లా ఒక గుప్పెడు. ఏడాది సంది ఎక్కువైంది. ఉత్త అలవాటే అనుకున్నం.

రాత్రిడ్యూటీ_సిస్టర్
అలవాటు కాదండి. పచ్చి బియ్యం, మట్టి, బలపాలు, ఐసుముక్కలు తినబుద్ధి కావడం ఒంట్లో ఇనుము అడుగంటిన వాళ్లలో చాలాసార్లు చూస్తాం. రేపు పొద్దున్నే సీబీపీ. దగ్గర్లో బస్తీ దవాఖాన ఉంటే అక్కడే రక్తం తీసుకుంటారు, డబ్బులు కట్టక్కర్లేదు.

కేపీహెచ్‌బీ_కుర్రాడు
సిస్టర్ గారూ, రక్తం తక్కువైతే ఆక్సిజన్ కూడా తక్కువే చూపించాలి కదా? మిషన్ 98 అంటోంది. ఎలా కుదురుతుంది?

తార్నాక_మాస్టారు
31 ఏళ్లు ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. కేపీహెచ్‌బీ అడిగింది ఒక్క పిల్లవాడు అడిగినా ఆ రోజు పాఠం సార్థకమైందనుకునేవాణ్ని.

ముందు ఆ మిషన్ ఏం కొలుస్తుందో చూడండి. వేలిలోంచి రెండు కాంతులు పంపుతుంది. ఒకటి ఎరుపు, ఒకటి కంటికి కనబడని పరారుణం. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఈ కాంతుల్ని ఒకలా పీల్చుకుంటుంది, పట్టుకోనిది ఇంకోలా. ఆ తేడా పట్టుకుని నూటికి ఎంత నిండిందో లెక్క తీస్తుంది. జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి 1970ల్లో పట్టుకున్న కిటుకు ఇది. గమనించండి, అది చెప్పేది శాతమే. ఒంట్లో మొత్తం హిమోగ్లోబిన్ ఎంత ఉందో ఆ మిషన్‌కు తెలియదు.

ఇమ్లీబన్ బస్టాండు ఊహించుకోండి. ఊపిరితిత్తులు ఆ బస్టాండు. ఆక్సిజన్ అణువులు ప్రయాణికులు. ఒక్కో హిమోగ్లోబిన్ ఒక బస్సు, దానికి నాలుగే సీట్లు, ఒక్కో సీటుకు ఒక ఇనుప పరమాణువు. 98 అంటే బయల్దేరిన బస్సుల్లో నూటికి 98 సీట్లు నిండాయని అర్థం. మొత్తం బస్సులే సగం ఉన్నాయనుకోండి. ఆ సగమూ నిండే వెళ్తాయి, మిషన్ 98 అనే చూపిస్తుంది. ఊళ్లలో దిగే జనం మాత్రం సగమే. ఇక మిగిలిన దారి ఒకటే, ఉన్న బస్సుల్నే గబగబా ఎక్కువ ట్రిప్పులు తిప్పాలి. ఆ తిప్పే పని గుండెది. కూర్చున్నచోటే నాడి 104 కొట్టడం అందుకే కావచ్చు.

కేపీహెచ్‌బీ_కుర్రాడు
అర్థమైంది సార్. కానీ దమ్మెందుకు? బస్టాండు బాగానే ఉంది కదా, ఊపిరి వేగం పెరగడం దేనికి?

తార్నాక_మాస్టారు
మెట్లెక్కేటప్పుడు తొడ కండరాలకు ఆక్సిజన్ చాలదు. చాలకపోతే ఆమ్లం పేరుకుంటుంది. దాన్నీ, బొగ్గుపులుసు వాయువునూ మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం కనిపెట్టి "ఊపిరి పెంచు" అని ఉత్తర్వు ఇస్తుంది. ఛాతీ పాపం పాటిస్తుంది. కానీ ఎంత రొప్పినా సీట్లు ముందే నిండి ఉన్నాయి, కొత్తగా ఎక్కే చోటు లేదు. అందుకే అంత రొప్పినా ఉపశమనం ఉండదు.

మల్కాజ్‌గిరి_అక్క
మరి సిలిండర్ పెట్టి ఆక్సిజన్ ఇస్తే?

తార్నాక_మాస్టారు
బస్టాండులో జనం పెరుగుతారు, బస్సులు పెరగవు. మామూలుగా 100 మి.లీ. రక్తంలో హిమోగ్లోబిన్‌కు అంటకుండా ఊరికే కరిగి వెళ్లే ఆక్సిజన్ 0.3 మి.లీ. మాత్రమే. సిలిండర్ పెడితే అది కాస్త పెరుగుతుంది, అంతే.

పుష్కరం_ల్యాబ్‌లోనే
మాస్టారి బస్సులకు లెక్క కట్టి చూపిస్తా. 1 గ్రాము హిమోగ్లోబిన్ దాదాపు 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 13.5, అంటే 100 మి.లీ. రక్తంలో 13.5 గ్రాములు ఉన్నావిడకు, నూటికి 98 సీట్లు నిండితే ఆ 100 మి.లీ.లో సుమారు 17.7 మి.లీ. ఆక్సిజన్ ఉంటుంది. గుండె ఒక్క కొట్టుకు 70 మి.లీ. చొప్పున, నిమిషానికి 72 కొట్లకు దాదాపు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అంటే నిమిషానికి 885 మి.లీ. ఆక్సిజన్ ఊరేగుతుంది. ఊరికే కూర్చున్న మనిషికి కావాల్సింది 250 దాకా. మిగతాది మెట్లకీ, పరుగుకీ ఉంచుకున్న నిల్వ.

హిమోగ్లోబిన్ అందులో సగం ఉంటే ఆ 885 కాస్తా 440 అవుతుంది. కూర్చుంటే సరిపోతుంది. మెట్లెక్కితే అవసరం నాలుగింతలు దాటుతుంది. అప్పుడు గుండె ఎంత కొట్టాలో మీరే గుణించుకోండి.

గోల్కొండ_బిడ్డ
రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 6.8.

నాకు చేతులు వణుకుతున్నయి. ఇన్ని రోజులు గ్యాస్ గోలీలు మింగిపిచ్చిన.

రాత్రిడ్యూటీ_సిస్టర్
మీరు చూసుకుంటున్నారు కాబట్టే బయటపడింది. ఆడవాళ్లకు 12 ఉండాలి, 8 కంటే తగ్గితే తీవ్రం కిందే లెక్క. ఇవాళే ఫిజీషియన్‌ దగ్గరకు వెళ్లండి. రక్తం ఎక్కడికి పోతోందో కూడా వెతకాలి. నెలసరి ఎలా అవుతోందో అమ్మగారిని పక్కన కూర్చోబెట్టి మెల్లగా అడిగించండి, చెల్లెలో పిన్నిగారో అడిగితే మంచిది. మలం నల్లగా వస్తోందా అనీ అడగండి.

కేపీహెచ్‌బీ_కుర్రాడు
వెంటనే రెండు బాటిళ్ల రక్తం ఎక్కించేస్తే అయిపోతుంది కదా? నేను ఓ పాజిటివ్, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా బ్రో.

రాత్రిడ్యూటీ_సిస్టర్
మీ మనసు మంచిదండి, కానీ అంత తొందర వద్దు. నెలల తరబడి రక్తం తగ్గుతూ వచ్చిన మనిషి గుండె అప్పటికే అరిగేలా కొడుతుంటుంది. అలాంటి గుండె మీద గబగబా బాటిళ్లు వదిలితే మోయలేక ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. అందుకే ఎక్కించినా నెమ్మదిగా, కనిపెట్టుకుని ఉండి ఎక్కిస్తాం. మనిషి నిలకడగా ఉంటే రక్తం లేకుండా ఇనుము ఇంజెక్షన్‌తోనే చాలాసార్లు లాగుతారు. అది చూసిన డాక్టరు తేల్చాలి.

మల్కాజ్‌గిరి_అక్క
రక్తం ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరేంటమ్మా? రక్తం వెళ్లేది గుండెకి కదా?

తార్నాక_మాస్టారు
ఈ దారి ఒక్కసారి కళ్లకు కట్టుకుంటే మళ్లీ మరిచిపోరు. ఒళ్లంతా తిరిగి అలసిన రక్తం రెండు మహాసిరల్లోంచి గుండె పై గది అయిన కుడి కర్ణికలోకి, అక్కణ్నుంచి కింది గది అయిన కుడి జఠరికలోకి దిగుతుంది. అది నొక్కితే పుపుస ధమనిలోంచి ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ ఆక్సిజన్ ఎక్కించుకుని, బొగ్గుపులుసు వాయువు దించి, పుపుస సిరల్లోంచి ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు వస్తుంది. అది నొక్కితే బృహద్ధమనిలోంచి ఒళ్లంతా. చూడ్డానికి గుండె ఒకటే, పనిలో రెండు పంపులు, ఆ రెంటి నడుమ ఊపిరితిత్తులు.

కుడి పంపు పక్కింటికి పంపితే చాలు, పై పీడనం 25 దగ్గర ఉంటుంది. ఎడమ పంపు నెత్తి నుంచి కాలివేళ్ల దాకా పంపాలి, 120 కావాలి. అందుకే ఎడమ గోడ దాదాపు మూడింతల మందం. కానీ ఇద్దరూ పంపే రక్తం మాత్రం సమానంగా ఉండాలి. ఎడమది వెనకబడితే ఏమవుతుంది? కుడిది పంపుతూనే ఉంటుంది, ముందు దారి మూసుకుంటుంది, నడుమ ఉన్న ఊపిరితిత్తుల్లో రక్తం పోటెత్తి అందులోని నీరు వాయుగోణుల్లోకి, అంటే గాలి నిండే చిన్న సంచుల్లోకి ఊరుతుంది. సిస్టర్ చెప్పింది అదే.

సంతోష్‌నగర్_సాయంకాలం
మాస్టారు చెప్పింది మా ఇంట్లో కళ్లారా చూశాం. మా నాన్న వెల్లకిలా పడుకోలేకపోయేవారు. మొదట రెండు దిండ్లు, తర్వాత మూడు, చివరికి రాత్రంతా కుర్చీలోనే. ఆయనదీ ఆయాసమే, కానీ వేలి మిషన్‌లో 88, 89 వచ్చేది. హిమోగ్లోబిన్ 14. టూడీ ఎకో (గుండె స్కానింగ్) తీస్తే ఎడమ గుండె బలం సగానికి పడిపోయిందన్నారు. నీరు తీసే మాత్రతో మూడు రోజుల్లో 96కి వచ్చారు. ఆ రాత్రి ఒక్క దిండు మీద పడుకున్నారు. అమ్మ ఆయన నిద్రపోతుంటే పక్కన కూర్చుని చూస్తూనే ఉంది.

కేపీహెచ్‌బీ_కుర్రాడు
అంటే ఒకే ఆయాసం, ఒకరికి బస్సులు లేక, ఒకరికి బస్టాండులోకి నీళ్లొచ్చి.

సంతోష్‌నగర్_సాయంకాలం
అవును. వానాకాలం మూసీ పొంగితే ఇమ్లీబన్ ఎలా ఉంటుందో అలా.

నాచారం_నాగమల్లె
మాస్టారూ ఒక్క అనుమానం. స్కూల్లో మాకు ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం అని చెప్పారు. మీరేమో పుపుస ధమనిలో అలసిన రక్తం అంటున్నారు. ఏది నిజం?

తార్నాక_మాస్టారు
రెండో వాక్యం చెప్పకుండా వదిలేశారు. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. ఒళ్లంతా మంచి రక్తం, చెడు రక్తం సూత్రం సరిపోతుంది, ఊపిరితిత్తుల దగ్గర తలకిందులవుతుంది. అసలు "చెడు రక్తం" అన్న మాటే నాకు నచ్చదు. తిరిగొచ్చే రక్తంలో కూడా మూడొంతుల సీట్లు నిండే ఉంటాయి. అది చెడిందేమీ కాదు, కొంత దించి వచ్చింది.

పాతబస్తీ_పుటలు
గుండె ముందా ఊపిరి ముందా అన్న పంచాయితీ మన ఊళ్లో ఒకప్పుడు ప్రపంచస్థాయిలో జరిగింది. 1888లో అఫ్జల్‌గంజ్ దవాఖాన పెద్ద డాక్టరు ఎడ్వర్డ్ లారీ. అప్పట్లో ఆపరేషన్లకు మత్తుగా క్లోరోఫాం ఇచ్చేవారు, కొందరు బల్లమీదే చనిపోయేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండా? తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ వేసింది. దాని ఫలితాన్ని లండన్ వైద్యపత్రిక లాన్సెట్ నమ్మకపోతే, నిజాం 1,000 పౌండ్లు ఇచ్చి వాళ్ల మనిషి లాడర్ బ్రంటన్‌నే ఇక్కడికి రప్పించారు. 1889లో వందల జంతువుల మీద మళ్లీ పరీక్షలు. ముందు ఆగేది ఊపిరే, కాబట్టి నాడి కాదు శ్వాస చూడండి అని తేల్చారు.

అయితే 1911లో ఇంగ్లండ్‌లో లెవీ అనే డాక్టరు, క్లోరోఫాం కొద్దిగా ఇచ్చినప్పుడు కూడా గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని చూపించాడు. అంటే లారీ కమిషన్ చెప్పింది సగమే నిజం. ఆ రోజుల్లోనే మన హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలు అంటారు. మన ఊరికి ఇంత చరిత్ర ఉందని చెబితే నమ్మరు.

నాచారం_నాగమల్లె
ఇది ఎప్పుడూ వినలేదు. చాలా బాగుంది అన్నా.

దిల్‌సుఖ్‌నగర్_దీపం
వేలి మిషన్ గురించి మా అనుభవం కూడా రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. చలికాలంలో మా పెద్దమ్మ కూతురు స్నానాల గదిలో పడిపోయింది. గదిలో గ్యాస్ గీజర్, కిటికీ మూసి ఉంది. మిషన్ పెడితే 99 చూపించింది. అంతా బాగుందని మేం పడుకోబెట్టబోయాం. పక్కింటి నర్సమ్మ అరిచి ఆసుపత్రికి తోలింది. అక్కడ రక్తం తీసి చూస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు.

పుష్కరం_ల్యాబ్‌లోనే
అది హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. సీట్లలో కూర్చుని లేవదు. మామూలు వేలి మిషన్‌కు కూర్చున్నది ఎవరో తెలియదు, నిండిందా లేదా అన్నదే తెలుసు. మంచి పని చేశారా నర్సమ్మ గారు. ఇలాంటప్పుడు సిలిండర్ ఆక్సిజనే మందు, ఆ దొంగ ప్రయాణికుల్ని తోసి దించాలి కాబట్టి.

మల్కాజ్‌గిరి_అక్క
గోల్కొండ తమ్ముడూ, బీట్‌రూట్ జ్యూస్ రోజూ ఇవ్వు. ఎర్రగా ఉంటుంది, రక్తం పడుతుంది.

రాత్రిడ్యూటీ_సిస్టర్
అక్కా, బీట్‌రూట్ మంచిదే, కానీ రంగు చూసి మోసపోకూడదు. దానిలో ఇనుము తక్కువే. తోటకూర, మెంతికూర, రాగులు, నువ్వులు, మాంసం తినేవాళ్లయితే మేక కార్జం ఇవ్వొచ్చు. నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలో ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే పట్టదు. గంట, రెండు గంటలు ఆగాలి. కానీ 6.8 తిండితో పూడేది కాదు, మందు కావాల్సిందే.

నాచారం_నాగమల్లె
హైదరాబాద్‌లో అన్నం తిని చాయ్ వద్దంటే ఎవరైనా వింటారా సిస్టర్!

తార్నాక_మాస్టారు
ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం, బి12 కూడా చూడాలి. ఎర్రకణం పుట్టడానికి అవీ కావాలి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలో తయారుచేసిన బృందాన్ని నడిపింది 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఒక ఎర్రకణం బతికేది 120 రోజులే. ఎముకల మూలుగలో రోజూ కొత్తవి పుడుతూనే ఉండాలి. అందుకే ఇవాళ మందు వేస్తే రేపటికి దమ్ము తగ్గదు. ఓపిక పట్టాలి.

గోల్కొండ_బిడ్డ
అందరికి ఒకసారే చెప్త. చిన్నమ్మ అడిగింది. ఏడాదిన్నర సంది నెలకు పది, పన్నెండు రోజులు పోతున్నదట. ఎవలకు చెప్పలే. ఎందుకు చెప్పలేదే అంటే, "ఇంట్ల అందరు మొగోళ్లే, పిల్ల చిన్నది, ఎట్ల చెప్పాలె" అన్నది. గర్భసంచిల గడ్డలున్నయని స్కానింగుల తేలింది. టూడీ ఎకో కూడ తీసిండ్రు, గుండె బలం బాగనే ఉన్నదట, ఉత్త ఎక్కువ పని చేస్తున్నదట. రక్తం ఎక్కియ్యలే. సెలైన్‌ల ఇనుము పెడుతున్నరు, దినం తప్పి దినం.

మల్కాజ్‌గిరి_అక్క
అమ్మ మాట చదివి కళ్లనీళ్లు వచ్చాయి తమ్ముడూ. మా అత్తగారు కూడా ఇలాగే దాచారు.

పుష్కరం_ల్యాబ్‌లోనే
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశవ్యాప్తంగా నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మా బల్ల మీదికి రోజూ వచ్చే ట్యూబుల్లో నాకు కనబడేదీ అదే. 7, 8 ఉన్నావిడ నడిచొచ్చి రక్తమిచ్చి, మళ్లీ ఇంటికెళ్లి నీళ్ల బిందె ఎత్తుతుంది. మెల్లగా తగ్గితే ఒళ్లు అలవాటు పడిపోతుంది, అదే భయం.

గోల్కొండ_బిడ్డ
ఏడు వారాలైంది. హిమోగ్లోబిన్ 10.4. కూసున్నప్పుడు నాడి 80. వేలి మిషన్‌ల ఆక్సిజన్ అప్పుడు 98, ఇప్పుడు గూడ 98, అదే నాకు మస్తు అనిపించింది. రెండో అంతస్తు ఆగకుంట ఎక్కింది, చేతిల కూరగాయల సంచి పట్టుకొని. గడ్డలకు మందులు నడుస్తున్నయి, ఆపరేషన్ కావాల్నో వద్దో ఇంకో నెలకు చెప్తరట. బియ్యం డబ్బా దిక్కు పోతలేదు. వచ్చే ఆషాఢంకు బోనం నేనే ఎత్తుకుంట అని చిన్నమ్మకు ఇప్పటి నుంచే చెప్తున్నది.

పుష్కరం అన్న లెక్క చదివినంక ఇంట్ల అందరికి సీబీపీ చేయించిన. నాన్నది 14.2, నాది 15. చెల్లెది 8.9 వచ్చింది. ఆమె ఏం దమ్ము లేదంటది.

రాత్రిడ్యూటీ_సిస్టర్
చెల్లి వయసెంత? నెలసరి ఎలా ఉంటోంది, ఐసు గానీ బియ్యం గానీ తింటోందా? అమ్మగారి చేతే అడిగించండి. రిపోర్టులో ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది, అది కూడా రాయండి.